గాజుల గడప ఆఖరి రీలు

మార్కాపురం,
9 జులై 2024.

శేషక్కకు,

ఈ జాబు రాయకుండానే ఉండేవాణ్ణి. పెన్ను మూత తీసినాను, పెట్టేసినాను, మళ్ళీ తీసినాను. డెబ్భై దగ్గరపడిన తమ్ముడు అక్కకు సినిమాల గురించి ఉత్తరం రాస్తున్నాడని తెలిస్తే, పక్కింటి చెంచులక్ష్మి కుట్టుమిషను ఆపి మరీ నవ్వుతుంది. కానీ ఏం చేసేది? నువ్వు బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుని మంచాన పడినావు. ఫోనులో అరిస్తే నీకు తప్ప ఊరంతటికీ వినపడుతుంది. మెసేజీ పెడదామంటే, ఫ్యాక్టరీలో పలకలు నూరి నూరి మొద్దుబారిన నా వేలిని ఫోను అద్దం వేలని ఒప్పుకోదు. అందుకని జాబు.

యామిని నిన్ను చూసుకోను వచ్చిందనీ, టీవీకి నెట్టు పెట్టించిందనీ, ఏం చూడాలో చెప్పమనీ రాసినావు. నీ కూతురు రేణుక పోయినాక నీ చేతుల్లో పెరిగిన మనవరాలు. అమ్మమ్మకు కష్టమొస్తే మొగుడు సుమన్‌ను దర్శిలో వదిలేసి పరిగెత్తుకొచ్చింది చూడు, అదీ పెంపకమంటే.

నా మార్కులు మన పలకల లెక్కలో ఉంటాయి. చట్రం పలక అంటే దాచుకోదగ్గది. ఉత్త పలక అంటే చూసి తుడిచేసేది. పెంకు అంటే తెలుసు కదా, ఫ్యాక్టరీ వెనక గుట్టగా పారబోసేది.

కొత్తవాటిలో 'ఎనిమిదో అంతస్తు' అని ఒకటి. అంతా చీకటి. లోపల మనుషులున్నారని మాటల్ని బట్టి పోల్చుకోవాల్సిందే. నీకా చెవులు లేవు, కాబట్టి నీకది ఉత్త నలుపు. పెంకు. 'మామిడల్లం' అని ఇంకొకటి. అందులో ఏమీ జరగదు. కూరగాయలు కోస్తారు, వండుతారు, తింటారు. చెంచులక్ష్మి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఏమైందని ఏడుస్తావు?" అంటే, "ఏమీ కాలేదు కదా మామా, అందుకే" అనింది. ఉత్త పలకే, కానీ నునుపైన పలక. పాతవాటిలో 'మణిద్వీప మాంత్రికుడు' చూడు. చట్రం పలక.

ఇంట్లో సినిమాకు ఇంటర్వెల్ లేదు, అదొక్కటే లోటు. నేనే మధ్యలో లేచి, వాకిట్లో నిలబడి నాలుగు శనక్కాయలు నమిలి వస్తాను. నువ్వు లేవలేవు, యామిని చేత తెప్పించుకో. సుమన్ వచ్చినప్పుడు ముగ్గురూ కలిసి చూడండి.

నీ తమ్ముడు,
చెన్నకేశవులు

గిద్దలూరు,
15 జులై.

చెన్నా,

పెంకు అన్నావని 'ఎనిమిదో అంతస్తు' ముందు చూసినా. నువ్వు చెప్పింది నిజమే. టీవీ పాడైందని రెండు దెబ్బలు కూడా కొట్టినా.

సుమన్ రాడు. యామిని నా కోసం రాలేదు. నేను జారిపడక ముందే వచ్చింది, చేతిలో ఒక సంచితో. నేను పడినాక ఊళ్ళో వాళ్ళకు చెప్పుకోను ఒక సాకు దొరికింది. నా తుంటి ఆ మాత్రం పనికొచ్చింది.

సుమన్ డ్యూటీకి పోతా పోతా పిల్లను లోపల పెట్టి బయట తాళం వేసుకుని పోతాడంట. పెళ్ళైన కాడినుంచీ అంతేనంట. ఒకరోజు పాలు పొంగి స్టవ్వు ఆరి గ్యాసు వాసనొస్తే కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. పక్కింటోళ్ళు తాళం పగలగొట్టినారు. ఆ తలుపు తెరిచి ఉండగానే వచ్చేసింది.

నాతో చెప్పింది ఇంతే. తరవాత మాట్లాడటం మానేసింది, తినడం కూడా. మాటలు పోయిన పిల్లకు చూపించేది ఏదన్నా ఉంటే చెప్పు. ఈ సంగతి ఎవరితోనూ అనొద్దు.

శేషమ్మ

మార్కాపురం,
20 జులై.

అక్కా,

నీ జాబు రెండుసార్లు చదివినాను. తాళమా! మనిషిని లోపల పెట్టి తాళమా! గొర్రెలకైనా దొడ్డికి తడిక కడతాం గాని తాళం వేయం కదా.

అయినా తొందరపడొద్దు. ఆ వీధిలో దొంగల భయం ఉందేమో. కొత్త మొగుడు, అతిజాగ్రత్తేమో. ఇంకో సంగతి. నువ్వు ఎవరితోనూ అనొద్దన్నావు గాని, నీ జాబు రాక ముందే సుమన్ వాళ్ళ నాయన ఫ్యాక్టరీ దగ్గర కనపడినాడు. "పెద్దవాళ్ళు మీరే కదా మామా, కోడల్ని ఎప్పుడు పంపుతారు?" అన్నాడు. అక్క లేచి తిరగ్గానే నేనే వెంటబెట్టుకొచ్చి దింపుతానని మాటిచ్చేసినాను. కృష్ణాష్టమి, నవమి పోయినాక, ఆగస్టు ఇరవై ఎనిమిది బుధవారం అని రోజు కూడా చెప్పేసినాను. నాకేం తెలుసు? నలుగురిలో ఇచ్చిన మాట. ఇప్పుడు ఎట్ల మింగేది?

అందుకే బాగా ఆలోచించి మందు కనిపెట్టినాను. 'గాజుల గడప'. గుర్తుందా? నువ్వు కొండలరావు బావ మీద అలిగి పుట్టింటికొచ్చిన ఏడు మన ఊళ్ళో సినిమా టెంటు వేస్తే, నాయన మనిద్దర్నీ తీసుకుపోయినాడు. సినిమా మాటెత్తితే చెప్పు తీసే నాయన, తనంతట తనే "పదండి" అనడమే ఒక వింత. నేను టెంటు బయట పాటల పుస్తకం కొన్నాను. బడి మొహం చూడని నాకు అక్షరాలు వచ్చింది ఆ పుస్తకాలతోనే, అది వేరే కథ.

పద్మ అనే పిల్ల. అనుమానపు మొగుడు. ఓర్చలేక పుట్టింటికొస్తుంది. ఊరు నానా మాటలూ అంటుంది. చివరకు మనసు కుదుటపరుచుకుని, పెట్టె పట్టుకుని అత్తగారి ఊరి బస్సెక్కుతుంది. బస్సు కదులుతుంది, దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ములోంచి నిలువెత్తు తామరపువ్వు విచ్చుకుని దానిమీద శుభం అని పడుతుంది. బురదలో తామర మనకు తెలుసు. దుమ్ములో తామర పూయించిన డైరెక్టరు వాడొక్కడే. ఆ సినిమాకు ఆ పేరెందుకు పెట్టినారో మాత్రం నాకిప్పటికీ తెలియదు. గాజుల మాటా లేదు, గడప మాటా లేదు.

అది చూసే కదా నువ్వు బస్సెక్కినావు. ఆ తర్వాత మన చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పిల్ల అలిగొచ్చినా, పెద్దమనుషులు ముందు ఆ సినిమాకు పంపి తర్వాతే పంచాయితీలో కూర్చునేవాళ్ళు. ఎన్ని కాపురాలు నిలిచినాయో! చట్రం పలక. పక్కన కూర్చోబెట్టుకుని చూపించు.

చెన్నకేశవులు

గిద్దలూరు,
27 జులై.

చెన్నా,

చూసినాం. ఎవరో పాత ప్రింటు కడిగి శుభ్రంగా పెట్టినారు, యామిని వెతికి పట్టింది.

చెవులు లేకపోయినా నాకేం ఇబ్బంది కాలేదు. ఆ మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. మా అత్తగారి ఊళ్ళోనూ అదే టెంటు వేసేవాళ్ళు. ఏ సినిమాకూ పంపని మీ బావ దానికి మాత్రం ఎన్నిసార్లైనా పొమ్మనేవాడు. టీవీలో పద్మ నోరు కదిపితే ఇక్కడ నా నోరూ కదిలింది. యామిని నన్ను చూసి నవ్వింది. వచ్చినాక అదే మొదటి నవ్వు.

పద్మ పెట్టె తీసుకుని బస్సెక్కింది. దుమ్ము లేచింది. అయిపోయింది కదా అని నేను కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటున్నా. యామిని నా చెయ్యి గట్టిగా పట్టుకుని టీవీ వైపు చూపించింది.

దుమ్ము సర్దుకుంది చెన్నా. తామరపువ్వు రాలేదు. బస్సు పోతానే ఉంది.

అక్కణ్ణుంచి వాళ్ళ నోళ్ళు కదులుతున్నాయి, నాకు మాటలు తెలియవు. యామిని నా చెవికి నోరానించి గట్టిగా చెప్పింది. పద్మ అత్తగారి ఊళ్ళో దిగి ఇంటి ముందు నిలబడింది. మొగుడు తలుపు తీసి, "వస్తావని తెలుసు. నీకు ఎక్కడ దిక్కుంది?" అని నవ్వినాడు. పద్మ లోపలికి పోలేదు. చేతి గాజులు ఒక్కొక్కటే తీసి గడప మీద పెట్టింది. అన్నీ పెట్టినాక వెనక్కి తిరిగి, ఊరి చివర మలుపు తిరిగొస్తున్న అదే బస్సెక్కి వచ్చేసింది. చివరకు ఏదో బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తా కనపడింది. నల్లబోర్డు మీద శుభం. పువ్వూ లేదు, ఏమీ లేదు.

యామిని టీవీ ఆపి, వంటింట్లోకి పోయి, ఎవరూ అడగకుండానే అన్నం పెట్టుకుని తినింది.

నువ్వు ఇది తెలిసి చూడమన్నావా, తెలియక చూడమన్నావా? ఒక్క మాట రాయి.

శేషమ్మ

మార్కాపురం,
2 ఆగస్టు.

అక్కా,

ఇది అన్యాయం. ఎవరో కావాలని కొత్తగా తీసి అతికించినారు. ఈ రోజుల్లో చచ్చిపోయినోళ్ళ చేత కూడా మాట్లాడిస్తున్నారు కదా, గాజులు తీయించడం ఎంతసేపు? లేదంటే యామిని చెయ్యి తగిలి ఇంకో సినిమాలోకి దూరిపోయి ఉంటారు. అట్లని రాసి, కవరు అంటించబోతూ ఆగి, చెంచులక్ష్మి చేత మా ఇంట్లోనూ పెట్టించినాను.

అదే పద్మ. అదే చీర. అదే పెట్టె, మూల సొట్టతో సహా.

నా నోట్లో పళ్ళ సెట్టు జారింది. చెంచులక్ష్మి మాత్రం, "దీనికా మామా ఇంత గోల? పేరులోనే ఉంది కదా, గాజులు, గడప!" అనింది. అర్థం తెలియకుండానే ఇన్నేళ్ళూ ఆ పేరు మోస్తున్నాను. ఒక్క ఆడపిల్ల ఒక్క చూపులో చెప్పేసింది.

తెలియక చూడమన్నాను. ఒట్టు. మనం చూసింది నాలుగూళ్ళ జనంతో కలిసి. అందరికీ ఒకేసారి మతి పోతుందా? ఆ టెంటులో ఆపరేటరు యేసుబాబు బతికే ఉన్నాడని తెలిసింది. దోర్నాలలో శ్రీశైలం రోడ్డు మీద టీ హోటలు నడుపుతున్నాడంట. పోయి అడుగుతాను.

నువ్వు మాత్రం మనసు పాడుచేసుకోవాకు. సినిమా ఎట్లైనా పోనీ, నువ్వు చేసింది తప్పు కాదు. బావ కోపిష్టే గాని నీ కాపురం ఆయన పోయేదాకా నిలబడింది. ఆయన క్షేమం కోసం ఏళ్ళ తరబడి చెప్పులు లేకుండా తిరిగే వ్రతం పట్టిన మహా ఇల్లాలివి. ఆ పాదాలే నాకు ప్రమాణం. ఆ సంగతి యామినికి చెప్పు.

చెన్నకేశవులు

గిద్దలూరు,
8 ఆగస్టు.

చెన్నా,

వ్రతం కాదు.

మీ బావ బయటికి పోయేటప్పుడు నా చెప్పులు ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసుకుని పోయేవాడు. ఆ పల్లేరుకాయల దారిలో వట్టి కాళ్ళతో రోడ్డు దాకా ఎవతె పోతుందిలే అని. కొన్నాళ్ళకు తాళం అక్కర్లేకుండా పోయింది. చెప్పులే అక్కర్లేకుండా పోయినాయి. నువ్వు అడిగితే వ్రతమని చెప్పింది నేనే. నువ్వు నమ్మి శ్రీశైలం నుంచి విభూతి కూడా తెచ్చి ఇచ్చినావు.

యామిని తాళం సంగతి చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. అది తలుచుకుంటేనే ఇప్పుడు ఆశ్చర్యమేస్తుంది.

శేషమ్మ

మార్కాపురం,
16 ఆగస్టు.

అక్కా,

ఈ జాబు కూడా రాయకుండా ఉండాల్సిందేమో. చెప్పుల సంగతి చదివినాక నాలుగు రోజులు ఏ సినిమా పెట్టుకోలేదు. ఇంటికొచ్చి, నీ కాళ్ళకు దండం పెట్టి, ఆ ట్రంకు పెట్టె పక్కనే కూర్చుని నీ చేతి భోజనం చేసి పోయేవాణ్ణి కదా. దాని మీదే నా కండువా పెట్టేవాణ్ణి.

దోర్నాల పోయినాను. యేసుబాబు నన్ను ఇట్టే గుర్తుపట్టినాడు. "ఏంది చెన్నన్నా, టెంటు టికెట్టు వాపసు అడగను వచ్చినావా?" అన్నాడు. చర్చి పాటల సీడీ మోగుతుంది, యాత్రికుల బస్సు ఆగి ఉంది, వాడు ఒక చేత్తో దోసె తిప్పుతా ఇంకో చేత్తో కథ చెప్పినాడు.

ప్రింటులో ఆ ఆఖరి రీలు మొదటి నుంచీ ఉంది. మన ఊళ్ళో మొదటి రోజు మొదటి ఆటకు పెద్దమనుషుల్ని ఊరికే పిలిచి అంతా చూపించినాడంట. పద్మ గాజులు తీసి గడప మీద పెట్టగానే, ముత్తైదువ చేత ఆ పని చేయిస్తారా అని రాళ్ళు పడినాయంట. తెర గుడ్డ చిరిగింది. ఓనరు హడలిపోయి, ఆ రీలు డబ్బాలోంచి తీయొద్దన్నాడు. శుభం లేకుండా ఆట ముగిస్తే జనం లేవరు కదా. అందుకని యేసుబాబు తన దగ్గరున్న ఒక దేవుడి సినిమా ముక్క కత్తిరించి బస్సు సీను వెనకాల అతికించినాడు. "ఆ తామరపువ్వు లక్ష్మీదేవిది అన్నా" అన్నాడు. జీవితమంతా నేను పొగిడిన డైరెక్టరు ఈ దోసెల మనిషి. ఆ తర్వాత టెంటు ఏ ఊరు పోయినా అట్లనే ఆడించినారంట. కాపురాలు నిలబెట్టే సినిమా అని పేరొచ్చి, పెద్దమనుషులే పిలిపించుకునేవాళ్ళంట.

నేను నవ్వినాను కూడా. అప్పుడు వాడు దోసె తిప్పడం ఆపి, "మొదటి రాయి వేసింది ఎవరో నీకు తెలియదా?" అన్నాడు. తెలియదన్నాను, ఆ రోజు నేను ఊళ్ళో లేను, మర్నాడు మన ఇంట్లో ఆ మాటెవరూ ఎత్తలేదు. "మీ నాయనే" అన్నాడు. "ఓనరు దగ్గరికొచ్చి, రేపు నా బిడ్డను తీసుకొస్తా, ఆ రీలు కనపడితే టెంటు ఉండదు, అన్నది కూడా మీ నాయనే."

నా చేతిలో టీ గ్లాసు ఒలికి తొడ కాలింది. కాలినట్టు బస్సెక్కినాక గాని తెలియలేదు.

నీకు చెప్పకుండా ఉండలేను, చెప్పి ఉండలేను. నాయన అక్కా. మనల్ని భుజాల మీద తిప్పిన నాయన.

చెన్నకేశవులు

గిద్దలూరు,
21 ఆగస్టు.

చెన్నా,

నీ జాబు చదివి యామిని చేతికిచ్చినా. చదివి మడిచి దిండు కింద పెట్టింది.

ఒక సంగతి నీకు తెలియదు. సినిమా చూసిన మర్నాడు నాయన నన్ను గాజుల దుకాణానికి తీసుకుపోయి రెండు చేతులకీ నిండా గాజులు వేయించినాడు. ఆకుపచ్చవి. ఎందుకు నాయనా అంటే, ఊరికే అన్నాడు. ఆ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నామీద ప్రేమనుకున్నా. ప్రేమే, కాదనను. ఆ ప్రేమ దేన్ని చూసి భయపడిందో ఇప్పుడు తెలిసింది.

నాయన మీద కోపం రావాలి. ఇంకా రాలేదు. వచ్చినాక రాస్తా.

నేను కర్ర పట్టుకుని నడుస్తున్నా. ఎదురింటి రోజీ వంట చేసి పెడుతుంది. డాక్టరు మెత్తటి చెప్పులు రాసిచ్చినాడు, ఇంట్లో కూడా అవి వేసుకునే తిరుగుతున్నా. పడుకునేటప్పుడు మంచం కింద కాదు, మంచం మీదే పెట్టుకుంటున్నా. రోజీ నవ్వుతుంది.

యామిని మాట్లాడుతుంది. ఫార్మసీ చదివింది కదా, మార్కాపురంలో ఒక మందుల దుకాణంలో పని ఉందని ఎవరో చెప్పినారంట, తనే ఫోను చేసి మాట్లాడుకుంది. దర్శిలో దింపుతానని నువ్వు మాటిచ్చిన రోజునే, బుధవారం, బస్సులో నీ దగ్గరికి పంపుతున్నా. అక్కణ్ణుంచి ఎటు పోవాలనేది దాని ఇష్టం. కానీ అక్కడ నలుగురిలో మాటిచ్చింది నువ్వు. నువ్వు దాని పక్కన నిలబడతావో, దర్శి బస్సు పక్కన నిలబడతావో నాకు తెలియదు. నేను చెప్పను. నా తరఫున పెద్దవాళ్ళు చెప్పింది చాలు.

శేషమ్మ

మార్కాపురం,
29 ఆగస్టు.

అక్కా,

నిన్న జరిగింది రాస్తున్నాను.

పొద్దున చెంచులక్ష్మిని వెంటబెట్టుకుని బస్టాండుకు పోయినాను. నా వేలు ఫోనులో పని చేయదు కదా, అందుకు. గిద్దలూరు బస్సు ఆలస్యంగా వచ్చింది. యామిని ఒక సంచితో దిగి నా కాళ్ళకు దండం పెట్టబోతే వద్దన్నాను. దర్శి బస్సు పక్కనే ఆగి ఉంది. పిల్ల దాన్ని చూసి, నన్ను చూసి, బెంచీ మీద కూర్చుంది.

చెంచులక్ష్మి చేత సుమన్ వాళ్ళ నాయనకు ఫోను కలిపించినాను. "బయలుదేరినారా మామా?" అన్నాడు.

"లేదు. రావడం లేదు."

"అదేంది? నలుగురిలో మాటిచ్చినారు!"

"ఇచ్చినాను. వాపసు తీసుకుంటున్నాను. ఆ నలుగురికీ కూడా చెప్పు."

"పెద్దమనిషి అనేవాడు చేసే పనేనా ఇది?" అని చాలా అన్నాడు. అంతా విన్నాను. నా చెవులు బాగానే ఉన్నాయి. చివర్న, "నువ్వు 'గాజుల గడప' చూసినావా?" అని అడిగినాను.

"మా పెళ్ళైన కొత్తల్లో మా మామ చూపించినాడు. ఇప్పుడు దాని గోలెందుకు?"

"ఇంట్లో పెట్టుకుని మళ్ళీ చూడు. దుమ్ము లేచినాక లేచిపోవాకు" అని ఫోను చెంచులక్ష్మికి ఇచ్చేసినాను.

కండక్టరు దర్శి, దర్శి అని అరిచినాడు. యామిని లేవలేదు. బస్సు పోయింది. ముగ్గురం టీ తాగినాం.

ఇంటికి నడిచేటప్పుడు బస్టాండు బయట తాళంచెవులు చేసేవాని దగ్గర ఆగి, మా ఇంటి తాళానికి ఇంకో చెవి చేయించినాను. వేడిగా ఉంది. యామిని ఊదుకుని సంచిలో వేసుకుంది.

నీ తమ్ముడు,
చెన్నకేశవులు